హోటల్ గదిలో నగలు పోతే నష్టపరిహారం రాబట్టుకోవడం ఎలా

సెలవులకు వెళ్లిన చోట గదిలో పెట్టిన నగో, ల్యాప్‌టాపో, డబ్బో కనిపించకపోతే గుండె గుభేలుమంటుంది. వెంటనే అందరం చేసే పని ఒకటే, దొంగ ఎవరా అని వెతకడం. మేమూ అదే చేశాం. కిందటేడాది వేసవిలో తమిళనాడులోని ఒక కొండ ఊరికి ఇంటిల్లిపాదీ వెళ్లాం. రెండో రోజు సాయంత్రం ఊరు చూసి తిరిగొచ్చేసరికి మా వదిన సూట్‌కేసులో చీరల మడతల్లో పెట్టిన మూడు కాసుల గొలుసు లేదు. ఆ రాత్రంతా గది తుడిచే అమ్మాయి మీద అనుమానంతో, మేనేజరుతో గొడవతో గడిపేశాం, పనికొచ్చే పని ఒక్కటీ చేయలేదు.

తర్వాత పది నెలలు ఆ కేసు వెంట తిరిగాక నాకు అర్థమైంది ఇది. దొంగను పట్టుకోవడం పోలీసుల పని, దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. పరిహారం దానికోసం ఆగక్కర్లేదు, దాని దారి వేరు. ఆ దారిలో మీరు చూపించాల్సినవి రెండే: వస్తువు నిజంగా ఆ గదిలో ఉందని, హోటల్ వాళ్ల నిర్లక్ష్యం వల్లే అది పోయిందని. ఈ రెండిటికీ కావాల్సిన ఆధారాలు మొదటి ఒకటి రెండు రోజుల్లోనే చేతికి దొరుకుతాయి, తర్వాత ఒక్కొక్కటే చెరిగిపోతాయి.

మొదటి రాత్రి ఏం చేయాలి

ముందు ఒకసారి నిదానంగా అన్ని బ్యాగులూ, మంచం కిందా, దిండు గలీబులూ, కారు డిక్కీ కూడా వెతకండి, ఎందుకంటే పోలీసులు అడిగే మొదటి ప్రశ్న అదే. లేదని తేలాక గదిలో ఇంకేమీ కదపొద్దు. ఫోన్ తీసి వీడియో చేయండి. తలుపు గడియ, తాళం, కిటికీ, బాల్కనీ తలుపు, బీరువా, గదిలో లాకర్ ఉంటే అది, వరండాలో కెమెరా ఉంటే అది ఎటు తిరిగి ఉందో, లేకపోతే లేదన్న సంగతీ. మా గదిలో బాల్కనీ గడియ సరిగా పడేది కాదు. దిగిన రోజే మా అన్నయ్య రిసెప్షన్‌కి వాట్సాప్‌లో "గడియ పడట్లేదు, మనిషిని పంపండి" అని మెసేజ్ పెట్టాడు, వాళ్లు "సరే సార్" అన్నారు, ఎవరూ రాలేదు. ఆ రెండు లైన్ల మెసేజే చివరికి మా కేసుని నిలబెట్టింది. అందుకే గదిలో ఏ లోపం కనిపించినా నోటితో చెప్పి ఊరుకోకుండా మెసేజ్ పెట్టడం అలవాటు చేసుకోండి.

తర్వాత హోటల్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. రెండు కాపీలు రాసి, ఒకదాని మీద వాళ్ల ముద్ర, సంతకం, టైమ్ వేయించుకోండి. వేయమని మొండికేస్తే అదే కాగితం ఫొటో తీసి హోటల్ ఈమెయిల్‌కి, వాట్సాప్ నంబర్‌కి, యాప్‌లో బుక్ చేసి ఉంటే ఆ యాప్ కస్టమర్ కేర్‌కి కూడా అదే రాత్రి పంపండి. రాయాల్సింది ఇలా ఉంటే చాలు:

"ఈరోజు ఉదయం 9 నుంచి సాయంత్రం 6 మధ్య మేము బయటికి వెళ్లినప్పుడు ఫలానా నంబర్ గదిలోని మా సూట్‌కేసు నుంచి 24 గ్రాముల బంగారు గొలుసు దొంగతనానికి గురైంది. బాల్కనీ గడియ పని చేయడం లేదని నిన్ననే మీకు తెలియజేశాం. ఆ సమయానికి సంబంధించిన ప్రవేశ ద్వారం, లిఫ్ట్, వరండా సీసీటీవీ ఫుటేజీ, ఈ గది కార్డు తాళం రికార్డు, డూప్లికేట్ తాళాల రిజిస్టర్, ఆరోజు డ్యూటీలో ఉన్నవారి వివరాలు చెరిగిపోకుండా భద్రపరచాలని కోరుతున్నాం."

ఇందులో చివరి వాక్యం అన్నిటికంటే ముఖ్యం. ఫుటేజీ మీకిచ్చేయమని పట్టుబట్టక్కర్లేదు, ఇవ్వరు కూడా. భద్రపరచమని రాతలో అడగడమే కావాలి. చాలా చోట్ల సీసీటీవీ రికార్డింగ్ పదిహేను రోజులకో నెలకో దానంతటదే చెరిగి కొత్తది ఎక్కుతుంది. మీరు రాసిచ్చాక కూడా చెరిగిపోనిచ్చారంటే, ఎందుకు కాపాడలేదని రేపు వినియోగదారుల కమిషన్‌లో వాళ్లే సమాధానం చెప్పుకోవాలి. కార్డుతో తెరుచుకునే తాళాలున్న హోటళ్లలో చాలా తాళాలు ఏ కార్డుతో ఏ టైమ్‌కి తలుపు తీశారో లోపల నమోదు చేసుకుంటాయి. ఈ సంగతి తెలియక చాలామంది అడగరు.

ఒక మాట. గది శుభ్రం చేసేవాళ్ల మీద కేకలేయడం, బ్యాగులు వెతకడం, ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టడం దయచేసి చేయకండి. మా విషయంలో ఆ అమ్మాయి మధ్యాహ్నం షిఫ్ట్‌లో లేనే లేదని తర్వాత తెలిసింది. ఆ రాత్రి ఆమె ఏడుపు నాకింకా గుర్తుంది, మేం చేసింది తప్పు. పేరు పెట్టి నిందిస్తే పరువు నష్టం కేసు మీ మీదే పడొచ్చు. ఎవరిమీద అనుమానమో పోలీసులకు చెప్పండి, అక్కడితో ఆపండి.

పోలీస్ స్టేషన్‌లో

112కి ఫోన్ చేసి గానీ నేరుగా గానీ అదే రోజు వెళ్లండి. అక్కడ గట్టిగా నిలబడాల్సింది ఎఫ్ఐఆర్ దగ్గర. తమిళనాడులో ముందుగా సీఎస్ఆర్ రసీదు అని ఒకటి చేతిలో పెడతారు, అది ఫిర్యాదు అందిందని చెప్పే కాగితం మాత్రమే, ఎఫ్ఐఆర్ కాదు. ఇంకొన్ని చోట్ల "మిస్సింగ్ అని రాసివ్వండి, త్వరగా అయిపోతుంది" అంటారు. అలా రాయొద్దు. "పోయింది" అంటే మీరే ఎక్కడో పారేసుకున్నారని అర్థం, బీమా వాళ్లు అక్కడే చేతులు దులుపుకుంటారు. "దొంగతనం" అనే రాయండి. బరువు, డిజైన్, బిల్లు ఉంటే నంబర్, ఫోన్ అయితే ఐఎంఈఐ నంబర్, అన్నీ అందులోకి రావాలి. తర్వాత చేర్చాలంటే కాళ్లరిగేలా తిరగాలి. ఫోన్ పోతే సంచార్ సాథీ పోర్టల్‌లో బ్లాక్ చేయడం మర్చిపోకండి.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ మీ చేతిలో ఆయుధం. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. అంటే ఇంటికొచ్చి బ్యాగు సర్దుతున్నప్పుడు తెలిసినా మీ ఊరి స్టేషన్‌లోనే ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదే తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టుకి వెళ్లొచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో ఫిర్యాదుదారుకి పోలీసులే చెప్పాలని కూడా అదే చట్టంలో ఉంది. ఎఫ్ఐఆర్ తమిళంలోనో కన్నడంలోనో ఉంటే ఇంగ్లిష్ అనువాదం చేయించి పెట్టుకోండి, తర్వాత అడుగుతారు.

వస్తువు మీదేనని, అక్కడే ఉందని

బిల్లుంటే సమస్య లేదు. ఈమధ్య కొన్న హాల్‌మార్క్ నగకి ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ (ఆ నగకి మాత్రమే ఉండే గుర్తింపు కోడ్) ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. పెళ్లినాటి నగలకి బిల్లులెక్కడుంటాయి? మా వదినకీ లేదు. ఎప్పుడో బ్యాంకులో తాకట్టు పెట్టినప్పటి రసీదు దొరికింది, అందులో గొలుసు బరువు, నాణ్యత అప్రైజర్ (బంగారానికి విలువ కట్టే మనిషి) చేతిరాతతో ఉన్నాయి. మీ ఇంట్లో కూడా పాత గోల్డ్ లోన్ కాగితాలు వెతకండి. పెళ్లి ఆల్బమ్ ఫొటోలు పనికొస్తాయి గానీ అవి వస్తువు ఉందని మాత్రమే చెబుతాయి. ఆ ట్రిప్‌లో తీసిన ఫొటోలు అంతకంటే విలువైనవి. ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర తీసిన సెల్ఫీలో వదిన మెడలో గొలుసు స్పష్టంగా ఉంది, తేదీ, టైమ్‌తో సహా. ఆ ఫొటోలు వాట్సాప్‌లో పంపించుకుని ఒరిజినల్ చెరిపేయకండి, ఫోన్‌లో అలాగే ఉంచండి. నగదు విషయంలో మాత్రం ఆశ తక్కువ పెట్టుకోండి. ఏటీఎం స్లిప్ చూపించినా ఆ డబ్బు ఆ గదిలోనే ఉందని నిరూపించడం చాలా కష్టం.

"యాజమాన్యం బాధ్యత వహించదు" బోర్డు

ప్రతి లాడ్జిలో ఉంటుందీ బోర్డు, దాన్ని చూసి సగం మంది వెనక్కి తగ్గుతారు. తగ్గొద్దు. 1998లో ఢిల్లీ తాజ్ మహల్ హోటల్లో కారు పార్క్ చేసిపెట్టే హోటల్ మనిషికి (వాలెట్) తాళం ఇచ్చిన మారుతీ జెన్ కారు దొంగతనానికి గురైంది. పార్కింగ్ చీటీ మీద బాధ్యత కారు యజమానిదే అని రాసుంది. 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఏమందంటే, వస్తువు హోటల్ స్వాధీనంలోకి వచ్చాక దాన్ని జాగ్రత్తగా చూశామని నిరూపించుకోవాల్సింది హోటలే, ఆ పని చేయకుండా చీటీ వెనక దాక్కోలేదు. దీనికి ఆధారం 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలోని 148, 151 సెక్షన్లు.

అయితే ఇక్కడ తేడా గమనించాలి. రిసెప్షన్‌లో అప్పగించి రసీదు తీసుకున్న వస్తువు పోతే మీ చేయి చాలా బలంగా ఉంటుంది. గదిలో మీరే పెట్టుకున్నది పోతే ఆ తాజ్ తీర్పు నేరుగా వర్తించదు, హోటల్ సేవలో లోపం ఏంటో మీరు చూపాలి. పడని గడియ, పని చేయని కెమెరా, లెక్కా పత్రం లేని డూప్లికేట్ తాళాలు, చెడిపోయిన లాకర్, ఇలాంటివి. తలుపు మీరే వేయకుండా వెళ్లారని తేలితే కేసు నిలబడదని ముందే తెలుసుకోండి. ఇంకోటి, అద్దె కట్టకుండా పూర్తిగా ఉచిత సత్రంలో దిగితే వినియోగదారుల చట్టం వర్తించదు, కాబట్టి హోమ్‌స్టే అయినా సరే డబ్బు కట్టిన బిల్లో యూపీఐ రసీదో ఉండాలి. బుక్ చేసింది మీ అన్నయ్య అయినా ఆయన సమ్మతితో దిగిన మీరు కూడా వినియోగదారే.

ట్రావెల్ బీమా గానీ, నగలకి కూడా వర్తించే ఇంటి బీమా గానీ ఉంటే ఆ రాత్రే కంపెనీకి చెప్పండి. ట్రావెల్ పాలసీల్లో నగలు, నగదు చాలావరకు మినహాయింపులో ఉంటాయి, చదువుకోండి. తిరస్కరిస్తే బీమా అంబుడ్స్‌మన్‌కి (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లకీ ఆఫీసు హైదరాబాద్‌లోనే.

నోటీసు, తర్వాత కమిషన్

ఇంటికొచ్చాక హోటల్‌కి, బుకింగ్ యాప్‌కి నోటీసు పంపండి. ఏం జరిగింది, వాళ్ల లోపం ఏంటి, ఎంత కావాలి, 15 రోజుల్లో ఇవ్వాలి, ఇంతే. లాయర్ రాయక్కర్లేదు. 2025 సెప్టెంబరులో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్ పోస్టులోనే పంపి, చేరిన రుజువు దాచుకోండి. యాప్ కంపెనీల ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి, 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉందిది. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేయండి, కొన్ని హోటళ్లు ఆ దశలోనే దిగొస్తాయి.

రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చాలామందికి తెలియనిది ఏంటంటే, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం హోటల్ ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. మేము గుంటూరులో వేశాం, ఆ కొండ ఊరికి మళ్లీ వెళ్లలేదు. ఏ కమిషన్‌కి వెళ్లాలనేది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, కట్టిన అద్దెని బట్టి ఉంటుంది. అది 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే, 5 లక్షల లోపైతే ఫీజు లేదు, అంటే మనలాంటి వాళ్లెవరికీ ఫీజు పడదు. ఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే దాఖలు చేయొచ్చు. వస్తువు విలువ, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు విడివిడిగా అడగండి, వస్తువు విలువకు మించి లక్షలు కలిపేస్తే మీ మాట మీద నమ్మకం తగ్గుతుంది. వీడియోలు, వాట్సాప్ చాట్‌లకు కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియమం) 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే అవి ఏ ఫోన్ నుంచి ఎలా తీశారో చెప్పే ధ్రువపత్రం, జతచేయాలి. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా వాయిదాలు పడతాయి, టెన్షన్ పడకండి.

విదేశాల్లో జరిగితే అక్కడి రూల్ వేరు. ఇంగ్లండ్‌లో 1956 చట్టం కింద నోటీసు బోర్డు పెట్టిన హోటల్ బాధ్యత ఒక వస్తువుకి 50 పౌండ్లు, మొత్తం 100 పౌండ్లకే పరిమితం, సిబ్బంది తప్పు ఉంటేనో, దాచమని అప్పగించి ఉంటేనో ఆ పరిమితి ఉండదు. అక్కడ ఉంటున్న మనవాళ్లు నగలు రిసెప్షన్‌లో అప్పగించడమే మేలు.

రాజీకి పిలిస్తే

మొదటి రోజే మేనేజర్ రెండు రోజుల అద్దె వదిలేస్తానని, "ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. మా వదిన పెట్టలేదు, అది ఆమె చేసిన మంచి పని. కేసు వేశాక మధ్యవర్తిత్వంలో వాళ్లే గొలుసు విలువలో చాలావరకు ఇస్తామన్నారు, మేం ఒప్పుకున్నాం. రాజీ కాకుండా ఆర్డర్ మీకు అనుకూలంగా వస్తే, వాళ్లు 45 రోజుల్లో అప్పీలు చేయొచ్చు, కానీ ఆర్డర్ మొత్తంలో సగం డిపాజిట్ కట్టాలి. కట్టకుండా, ఇవ్వకుండా తప్పించుకుంటే వినియోగదారుల చట్టం 72వ సెక్షన్ కింద జైలు శిక్ష దాకా వెళ్తుంది, దానికి మీరు మళ్లీ దరఖాస్తు వేయాలి.

రాజీ అయితే ఒక జాగ్రత్త. చెక్కు చేతిలో పెట్టి కేసు వెనక్కి తీసుకోమంటారు. డీడీ గానీ, ఖాతాలో డబ్బు పడిన మెసేజ్ గానీ చూశాకే ఆ కాగితం మీద సంతకం పెట్టండి.