అడవి నడక – నాలుగో పాఠం: దుప్పి దగ్గరికి

గత మూడు పాఠాల్లో గిట్టల గుర్తులు చదవడం, పెంటికలను బట్టి జంతువు ఎంతసేపటి క్రితం వెళ్లిందో అంచనా వేయడం, అడవి అరుపులు గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ఈసారి జాడ దగ్గర ఆగిపోకుండా జింక ఉన్న చోటికే వెళ్దాం. ఇందులో మూడు పనులున్నాయి: దగ్గరికి వెళ్లడం, చూడడం, అది మేత మానకముందే వెనక్కి వచ్చేయడం. కొత్తవాళ్లు మొదటి రెండింటి కోసమే తహతహలాడతారు. నేనూ అంతే. మూడోది చేతనైతేనే మిగతా రెండూ వచ్చినట్టని నాకు నేర్పిన అన్న అంటాడు. ఇన్నేళ్ల తర్వాత నేనూ అదే నమ్ముతున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇది వేట పాఠం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను చంపడమే కాదు, ఉచ్చు పన్నడం, అందుకోసం తరమడం కూడా నేరమే. అభయారణ్యంలోకి నడిచి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి, వాళ్ల మనిషి వెంట ఉండాలి. చుక్కల జింక మన తెలంగాణ రాష్ట్ర జంతువు. దాన్ని తుపాకీ లేకుండా వెతుక్కుంటూ వెళ్లడంలోనే అసలైన కష్టముంది. వంద గజాల నుంచి గుండు పేల్చేవాడికి ఇంత ఓపిక అవసరం లేదు.

పేర్ల గందరగోళం కూడా తీర్చుకుందాం. ఈ పాఠంలో దుప్పి అంటే చుక్కల జింక. కొన్ని ప్రాంతాల్లో కణుజును దుప్పి అంటారు. అది వేరు. కణుజు ఇంకా పెద్దది, ఒంటి మీద చుక్కలుండవు, ఎక్కువగా రాత్రి పూట తిరుగుతుంది.

నా తొలి నడక తాడ్వాయి అడవిలో జరిగింది. వరంగల్ నుంచి 163వ నంబరు జాతీయ రహదారి మీద ములుగు, పస్రా దాటితే తాడ్వాయి వస్తుంది. అక్కడి అడవి ఏటూరునాగారం అభయారణ్యంలోనిది. 1953లో ఏర్పడిన ఆ అభయారణ్యం 800 చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప చెట్ల అడవి. 2024 ఆగస్టు 31న వచ్చిన పెనుగాలికి తాడ్వాయి, మేడారం మధ్య వేల చెట్లు కూలాయి. ఆ చోటు చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. నేను చెప్పబోయే నడక అంతకు ముందటిది.

నాకు నేర్పినవాడు అక్కడి కోయగూడెం మనిషి, అటవీ శాఖలో జంతువుల జాడ తీసే పని చేస్తాడు. నాకంటే పదేళ్లు పెద్దవాడు. నేను అన్నా అంటాను, ఆయన తమ్ముడూ అంటాడు.

మార్చి చివరి వారం. ఇప్పపువ్వు రాలే కాలం. తెల్లవారుజామున పువ్వు రాలుతుంది, గూడెంవాళ్లు గంపలతో ఏరుకోవడానికి వస్తారు, వాళ్లకంటే ముందు దుప్పులు వస్తాయి. దుప్పులకంటే ముందు ఎలుగుబంటి రావచ్చు. అందుకే బాగా వెలుగు రాకముందు ఇప్పచెట్టు కిందికి వెళ్లనే కూడదు. దూరంగా నిలబడి చెవులు రిక్కించాలి. బుస, గురక, ఆకులు గీరుతున్న చప్పుడు, ఏది వినిపించినా ఆ రోజు దుప్పి సంగతి మరిచి వెనక్కి రావాలి. దీనికి మినహాయింపు లేదు.

బట్టల విషయంలో ఒక్క జాగ్రత్త. జింకకు ఎరుపు సరిగా కనిపించదు, నీలం మాత్రం బాగా కనిపిస్తుంది. మన కంటికి అందని అతినీలలోహిత కాంతి కూడా దాని కంటికి కొంత అందుతుంది. తెల్లదనం కోసం సబ్బు పొడుల్లో కలిపే రసాయనాలు ఆ కాంతికి మెరుస్తాయి. కాబట్టి జీన్స్ ప్యాంటు వద్దు, సబ్బు పొడిలో ఉతికిన చొక్కా వద్దు. మట్టి రంగు పాత బట్టలు కుంకుడుకాయ రసంతో ఉతుక్కుని వేసుకోండి. సెంటు, వాసన నూనె, సిగరెట్టు ఏవీ వద్దు.

ఇక గాలి. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకోగలనంటే ఇది గుర్తుంచుకోండి. కన్ను మోసపోయినా, చెవి అనుమానించి ఊరుకున్నా, ముక్కు దగ్గర మాత్రం జింకకు సందేహం ఉండదు. మనిషి వాసన ఒక్కసారి తగిలిందంటే మంద లేచిపోతుంది.

ఆ ఉదయం వాగు ఒడ్డున అన్న జేబులోంచి నిమ్మకాయంత మూట తీశాడు. పాత నూలు గుడ్డలో జల్లించిన పొయ్యి బూడిద. దాన్ని చూపుడువేలితో తట్టాడు. పొగలాంటి పొడి ఒక చిటికెడు బయటికి వచ్చి, ఒక క్షణం ఎటూ పోకుండా ఆగి, మెల్లగా నా మోకాళ్ల వైపు జారింది. నా ఒంటికి గాలి వీస్తున్నట్టే అనిపించలేదు. బూడిదకు మాత్రం తెలిసింది.

“గుట్ట మీది చల్లగాలి రాత్రంతా కిందికి దిగుతూనే ఉంటుంది తమ్ముడూ. వాగులోకి చేరి నీళ్లలాగే పల్లానికి పోతుంది. ఎండెక్కాక తిరగబడుతుంది” అని చెప్పాడు.

ఈ రెండు మాటల్లో ఆ ఉదయం దారి మొత్తం ఉంది. ఇప్పచెట్లు వాగుకు ఎగువన ఉన్నాయి. మేము దిగువ నుంచి ఎగువకు నడిస్తే గాలి మందవైపు నుంచి మావైపు వస్తుంది. కానీ గడువు ఎండ దాకానే. నేల వేడెక్కితే గాలి నిలకడ తప్పుతుంది, ఆ తర్వాత గుట్ట పైకి ఎక్కడం మొదలవుతుంది. అప్పుడు మన వాసన మనకంటే ముందే చెట్ల కిందికి చేరుతుంది. బూడిద మూట ఒక్కసారి తట్టి జేబులో వేసుకునే వస్తువు కాదు. వాగు వంపు తిరిగిన ప్రతిచోటా తట్టాలి, పెద్ద బండ పక్కన తట్టాలి, ఎందుకంటే అక్కడ గాలి సుడి తిరుగుతుంది. మంద మీకు గాలివాటున ఉందని తేలితే సగం చుట్టు తిరిగి వెళ్లాలి. దానికి ఇంకో అరగంట పడుతుంది. పట్టనివ్వండి.

నడకకు ఆ కాలంలో వాగు ఇసుకే మంచి దారి. ఒడ్డు మీద రాలిన టేకాకు అప్పడంలా విరుగుతుంది. ఇసుక లేనిచోట పాదం అంచు ముందు ఆనించండి, కింద పుల్ల ఉందో లేదో అరికాలితో తడిమి చూడండి, అప్పుడే బరువు వేయండి. అందుకే దళసరి అట్ట బూట్లకంటే పలుచటి క్యాన్వాస్ బూట్లు మేలు. మూడు నాలుగు అడుగులు వేసి ఆగాలి. ఆ ఆగడం కూడా చెట్టు పక్కనో పొద పక్కనో జరగాలి, బయలులో కాదు. లెక్కపెట్టుకున్నట్టు ఒకే లయలో నడిస్తే అది మనిషి నడకే. జింక తింటూ, ఆగుతూ, మళ్లీ కదులుతూ వెళ్తుంది. మనమూ అలాగే వెళ్లాలి.

రెండో వంపు దగ్గర అన్న వంగి ఇసుక చూపించాడు. రెండు గిట్టల గుర్తు, కొనలు ఎగువకు. అంచులు కత్తితో కోసినట్టున్నాయి, ఒక్క రేణువు కూడా లోపలికి రాలలేదు. అడుగున ఇసుక చుట్టుపక్కల కంటే ముదురు రంగులో ఉంది, అంటే లోపలి తేమ ఇంకా ఆరలేదు. పక్కనే నిన్నటి గుర్తు ఉంది. దాని మీదుగా చీమల బారు సాగుతోంది. ఈ రెండింటినీ పక్కపక్కన చూసిన ఆ నిమిషం నాకు వంద బొమ్మలకంటే ఎక్కువ నేర్పింది. అన్న గొంతు తగ్గించి “ఇక మాటలు లేవు” అన్నాడు.

మందను నేను చూడలేదు, ఆయన చూశాడు. నేను జింక కోసం వెతుకుతున్నాను, అక్కడే పొరపాటు. చెట్ల మధ్య నిండైన జింక ఎప్పుడూ కనిపించదు. ఒంటి మీది తెల్లచుక్కలు ఆకుల సందుల్లోంచి పడే వెలుగు మరకల్లో కలిసిపోతాయి. అడవిలో మానులన్నీ నిలువు గీతలు. వాటి మధ్య ఒక అడ్డగీత కనిపిస్తే అది వీపు కావచ్చు. ఊగిన ఆకు మళ్లీ ఊగకపోతే అది చెవి కావచ్చు. అలా చూడడం మొదలుపెట్టాక ఒకటి, మూడు, ఏడు, చివరికి పదకొండు లెక్కకు వచ్చాయి. దాదాపు ఎనభై అడుగుల దూరం. మేము ఒక నల్లమద్ది మాను వెనక ఉన్నాం. దాని బెరడు మొసలి చర్మంలా పగుళ్లుబారి ఉంటుంది, చెంప ఆనించి నిలబడితే గుచ్చుకుంటుంది.

నేను దుర్భిణిని ఒక్క ఉదుటున కళ్ల దగ్గరికి ఎత్తాను.

ఒక ఆడజింక తలెత్తింది. రెండు చెవులూ మావైపు తిరిగాయి. నా మోచేయి మాను దాటి బయట ఉంది, కదిలించడానికి లేదు. అది ముందుకాలితో నేలను ఒకసారి తన్నింది. ఆ చప్పుడు నా కడుపులో వినిపించింది. తర్వాత మేతకు వంగినట్టే వంగి, గడ్డిని ముట్టకుండా ఠక్కున మళ్లీ తలెత్తింది. అది మనల్ని పరీక్షించడం. ఇక్కడ కదిలినవాడి ఉదయం అంతటితో సరి. చేతులు లాగేస్తున్నా, చెమట కంట్లోకి దిగుతున్నా ఊపిరి మెల్లగా వదులుతూ ఉండిపోవాలి. దాని కళ్లలోకి సూటిగా చూడకుండా చూపు పక్కకు పెట్టాలి. మూడు నాలుగు నిమిషాలకు అది తోక దించి, నిజంగానే మేతలో పడింది.

ఇంకొక్క మాను దాటి వెళ్దామనుకున్నాను. అడుగు వేశాను, చప్పుడు కూడా కాలేదు. నడినెత్తి మీద కొండముచ్చు “ఖక్” అని దగ్గినట్టు అరిచింది. మరుక్షణం మందలోంచి కీచుమని ఒక అరుపు, తోకల కింది తెలుపు, అంతే. ముప్పై అడుగులు ఉరికి, ఆగి, మావైపు చూసి, పొదల్లో కలిసిపోయాయి.

అన్న కోప్పడలేదు. “ఎన్ని చూశావు?” అని అడిగాడు.

“పదకొండు.”

“పైన?”

నేను పైకి చూడనే లేదు. కొండముచ్చులు కొమ్మల మీద తింటూ ఆకులు, కాయలు కింద పడేస్తాయి, దుప్పులు వాటిని తింటాయి. దానికి బదులుగా పైవాటి చూపు కిందివాటికి కాపలా, కిందివాటి ముక్కు పైవాటికి కాపలా. కాబట్టి మీరు దాటాల్సింది ఒక్క మంద కళ్లు కాదు. ఆగిన ప్రతిసారీ ముందు కొమ్మలు చూడండి, ఆ తర్వాతే నేల. వాగు ఒడ్డున తీతువు పిట్ట ఉందేమో కూడా చూసుకోండి. అది గగ్గోలు పెడితే అది సద్దుమణిగేదాకా కూర్చోవడమే.

మర్నాడు అదే వాగు, అదే వేళ. ఈసారి దుర్భిణి ముందుగానే ఛాతీ దగ్గర పట్టుకున్నాను, మాను నీడలోనే అంగుళం అంగుళంగా పైకి తెచ్చాను. 8 రెట్లు పెద్దదిగా చూపేది చాలు. 10 రెట్లదైతే చేతి వణుకు కూడా అంత పెద్దదవుతుంది. అరవై అడుగుల దూరంలో ఒక మగజింక. పాత కొమ్ములు రాలిపోయి కొత్తవి పెరుగుతున్నాయి, వాటి మీద ఇంకా మఖమలు లాంటి నూగుతోలు ఉంది. ఇప్పపువ్వును పెదవులతో ఏరుకుంటోంది. పువ్వు ఒత్తుకున్నప్పుడు మూతి చివర చిన్న తడి చుక్క మెరిసింది. ఆ చుక్కను చూడగలిగినందుకు నాకు కళ్లు చెమర్చాయి.

అన్న నా భుజం తట్టాడు. బూడిద తట్టి చూపించాడు. పొడి ఇప్పుడు కిందికి జారడం లేదు, ఎటూ తేలక ఊగుతోంది. ఇంకో పది నిమిషాలు ఉందామని నాకు ఎంత ఉన్నా, కదలాల్సిన వేళ అదే.

వెనక్కి రావడం ఇలా: తలలన్నీ కిందికి ఉన్నప్పుడే అడుగు వేయాలి. వచ్చేటప్పుడు తొక్కిన చోటే మళ్లీ తొక్కాలి, అక్కడ పుల్లలేదని మనకు ముందే తెలుసు. మాను పూర్తిగా అడ్డు వచ్చేదాకా వీపు తిప్పకూడదు. ముఖం, అరచేతులు గబుక్కున తిప్పితే వెలుగుకు మెరుస్తాయి. వంపు దాటాక కూడా గట్టిగా మాట్లాడకూడదు. మేము వంపు దగ్గర వెనక్కి తిరిగి చూసినప్పుడు మగజింక ఇంకా పువ్వులు ఏరుకుంటూనే ఉంది.

తిరుగుదారిలో జంతువులు వాగు దాటే సందు దగ్గర అన్న నన్ను చేత్తో ఆపాడు. రెండు మొక్కల మధ్య బైకు క్లచ్ వైరుతో చేసిన ఉచ్చు, సరిగ్గా జింక మెడ ఎత్తులో. గాలి, జాడ, దారి అన్నీ తెలిసినవాడే పన్నాడు. మన విద్యే అది. అందుకే ఈ పాఠాలు రాసేటప్పుడు ఏ మంద ఏ చెట్టు కింద మేస్తుందో నేను రాయను, మీరూ ఫొటోతో పాటు చోటు పేరు పెట్టకండి. ఉచ్చు కనిపిస్తే ఫొటో తీసి, చోటు గుర్తు పెట్టుకుని, వెంటనే అటవీ శాఖకు చెప్పండి. చేలగట్ల దగ్గర నేల మీద తీగ కనిపిస్తే తాకనే తాకకండి, దాటకండి. అడవిపందుల కోసం కరెంటు పెట్టిన తీగలకు మనుషుల ప్రాణాలు కూడా పోయాయి.

ఇంటి పని. అడవికి వెళ్లనవసరం లేదు. మీ ఊరి చెరువు గట్టు చాలు. మేతలో ఉన్న కొంగను ఎంచుకోండి. బూడిద మూట కట్టుకుని గాలి ఎటో చూసుకోండి. కొంగకు దాని పని లేకపోయినా మీకు అలవాటు కావాలి. ముప్పై అడుగుల దాకా వెళ్లండి, ఐదు నిమిషాలు చూడండి, అది ఎగరకుండా వెనక్కి రండి. ఎగిరితే ఆ రోజు లెక్కలోకి రాదు. పుస్తకంలో నాలుగే రాసుకోండి: వేళ, గాలి దిశ, ఎంత దగ్గరికి వెళ్లారు, మిమ్మల్ని ముందు పసిగట్టింది ఎవరు. చివరి గడిలో చాలాసార్లు కొంగ పేరు ఉండదు, పక్కనున్న తీతువో, కుక్కో, గట్టు మీది మైనాయో ఉంటుంది. వరుసగా మూడు ఉదయాలు కొంగ ఎగరకపోతే ఐదో పాఠానికి రండి. అందులో మునిమాపు వేళ నీటిగుంట దగ్గర కణుజు కోసం కూర్చుంటాం. నడక ఉండదు, రెండు గంటలు కూర్చోవడమే.