కొత్త చోటికి తరలే ముందు: పునరావాసంలో మలేరియా జాగ్రత్తలు

జలాశయం కోసమో, గని కోసమో, కరువు వల్లనో, యుద్ధం వల్లనో ఒక ప్రాంతపు జనం మరో చోటికి తరలవలసి వచ్చినప్పుడు ఇళ్ళ స్థలాలు, పొలాలు, పరిహారం గురించి నెలల తరబడి చర్చ జరుగుతుంది. కొత్త చోట ఏ జ్వరాలు ఉన్నాయన్న ప్రశ్న మాత్రం, చాలా సందర్భాల్లో, మొదటి వానలు పడి ఇంటికొకరు మంచం పట్టిన తరువాతే వస్తుంది. తరలింపు మలేరియాను కొత్తగా పుట్టించదు. ఒంట్లో మలేరియా పరాన్నజీవి ఉన్న మనిషి, దానిని మోయగల అనాఫిలిస్ దోమ, దానిని తట్టుకునే శక్తి లేని మనిషి, ఈ ముగ్గురినీ ఒకే చోటికి చేరుస్తుంది. అదీ ఇళ్ళకు గోడలైనా పూర్తికాని రోజుల్లో చేరుస్తుంది. కాబట్టి ఇక్కడ చెప్పే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం బయలుదేరడానికి ముందు, చేరిన తరువాత వచ్చే మొదటి వానాకాలంలోపు తీసుకోవలసినవే.

ముందుగా తెలుసుకోవలసినది, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నామన్నది. మలేరియా ఎక్కువగా ఉన్న చోట పుట్టి పెరిగినవారికి పదే పదే సోకడం వల్ల కొంత నిరోధక శక్తి వస్తుంది. వారికి జ్వరం వచ్చినా ప్రాణం మీదికి రావడం తక్కువ. మలేరియా లేని చోట పెరిగినవారికి ఆ రక్షణ ఉండదు కనుక, పసిపిల్లలతో పాటు ఆరోగ్యంగా తిరిగే పెద్దవారు కూడా తీవ్ర మలేరియా బారిన పడతారు. 1984-85 కరువు తరువాత ఇథియోపియా ప్రభుత్వం ఉత్తరపు ఎత్తైన ప్రాంతాల నుంచి సుమారు 6 లక్షల మందిని నైరుతి, పశ్చిమ లోతట్టు ప్రాంతాలకు తరలించింది. ఆ దేశంలో 2,000 మీటర్లకు పైన మలేరియా అరుదు. చల్లదనం వల్ల దోమ కడుపులో పరాన్నజీవి పూర్తిగా ఎదగదు. మలేరియా పరాన్నజీవుల్లో అత్యంత ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం ఎదగడానికి సుమారు 18 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనమైనా కావాలి. అలాంటి చోటు నుంచి వెచ్చని పల్లపు నేలకు దిగినవారిని మలేరియా తీవ్రంగా పీడించింది. ఒకే దేశంలో ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్తున్నాం కదా, పెద్ద తేడా ఏముంటుందని అనుకోవడం ఈ విషయంలో ప్రమాదకరం.

ప్రయాణం ఎదురు దిశలో జరిగినా ప్రమాదం పోదు, అది వచ్చినవారికి చోటిచ్చిన గ్రామం మీదికి మళ్ళుతుంది. మలేరియా ఉన్న చోటి నుంచి వచ్చినవారి రక్తంలో, వారికి ఏ జ్వరమూ లేకపోయినా, కొద్దిపాటి పరాన్నజీవులు ఉండవచ్చు. అక్కడ తగిన దోమ ఉంటే అవి ఆ ఊరివారికి సోకుతాయి. ఇలాంటప్పుడు వచ్చినవారిని రోగాలు మోసుకొచ్చారని వేలెత్తి చూపడం వల్ల జరిగేది ఒక్కటే, జ్వరం వచ్చినవారు దానిని దాచిపెడతారు. రక్తపరీక్ష పాత, కొత్త కుటుంబాలన్నింటికీ ఒకే కేంద్రంలో, ఒకే విధంగా జరగాలి. మరో విషయం కూడా గుర్తుంచుకోవాలి. మలేరియా లేని చోట కొన్నేళ్ళు గడిపితే పాత నిరోధక శక్తి తగ్గిపోతుంది కనుక, తరువాత సొంత ఊరు చూడడానికి వెళ్ళేవారు "మాకు అలవాటైన జ్వరమే" అనుకోకూడదు.

తరలింపు ఏ నెలలో జరగాలన్నది సాధారణంగా కాగితాలు ఎప్పుడు తేలతాయన్న దాని మీద ఆధారపడుతోంది. నిజానికి అది వానల మీద ఆధారపడాలి. వాన నీరు నిలిచిన చోట గుడ్డు దోమగా మారడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ దోమ రోగిని కుట్టాక పరాన్నజీవి దానిలో ఎదగడానికి వెచ్చని వాతావరణంలో దాదాపు 10 నుంచి 14 రోజులు పడుతుంది. తిరిగి మనిషిని కుట్టాక జ్వరం కనిపించడానికి ఫాల్సిపారం రకంలో సాధారణంగా మరో 7 నుంచి 14 రోజులు. అంటే మొదటి వానలకూ జ్వరాలు పెరగడానికీ మధ్య నెల, నెలన్నర వ్యవధి ఉంటుంది. వానలకు చాలా ముందే చేరి, తలుపులూ గోడలూ పూర్తిచేసుకుని, దోమతెరలు కట్టుకోగలిగితే ఆ వ్యవధి రక్షణకు పనికివస్తుంది. వానల నడుమ లారీలు దిగితే ఆ వ్యవధి కూడా చేతిలో ఉండదు. తేదీ మార్చే అవకాశం లేదని అధికారులు చెబితే, కనీసం దోమతెరలూ పరీక్షా సామగ్రీ కుటుంబాల కంటే ముందే అక్కడికి చేరాలని పట్టుబట్టాలి.

ఇళ్ళ స్థలం విషయంలో నీటికి దగ్గరగా ఉండాలన్న కోరిక సహజమే. అయితే ఎక్కువ రకాల అనాఫిలిస్ దోమలు తాము పుట్టిన నీటి నుంచి ఒకటి రెండు కిలోమీటర్ల లోపే తిరుగుతాయి కనుక, నిలవ నీటికి, చిత్తడి నేలకు, అడవి అంచుకు ఇల్లు ఎంత దూరమైతే అంత మేలు. నీరంటే చెరువు, కాలువ మాత్రమే కాదు. శ్రీలంకలో 1980లలో మహావెలి నది పథకం కింద మలేరియా తక్కువైన తడి మండలం నుంచి పొడి మండలానికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు మలేరియాకు ఎక్కువగా గురయ్యాయి. అక్కడ మలేరియాను మోసే ప్రధాన వాహక దోమ అయిన అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ నిండుగా పారే నదిలో కంటే, నీరు తగ్గాక ఇసుకలోనూ రాళ్ళ మధ్యా మిగిలే మడుగుల్లో బాగా పెరుగుతుంది. కనుక నది పక్కన ఇల్లు కట్టుకున్నవారు వరద రోజుల్లోనే కాదు, నీరు తీసిన రోజుల్లో కూడా జాగ్రత్తగా ఉండాలి. (ఇదే శ్రీలంకను 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా రహిత దేశంగా ప్రకటించింది. వాహక దోమ మాత్రం ఆ దేశం నుంచి పోలేదు.)

కొత్త ఊళ్ళో ఎవరూ పట్టించుకోని దోమల నిలయం, ఆ ఊరిని కట్టడానికి తవ్విన గుంతలే. గోడలకూ ఇటుకలకూ రోడ్డుకూ మట్టి తీసిన గుంతలు, పునాది కోసం తవ్వి వదిలేసినవి, లారీ చక్రాల జాడలు, పశువుల గిట్టల గుర్తులు, ఇవన్నీ వాన పడగానే నిండుతాయి. మట్టి తీసిన గుత్తేదారు చేతనే, వానలకు ముందే, గుంత పూడ్పించాలన్న షరతు ఒప్పందంలో రాయించుకోవాలి. ఆ తరువాత ఎవరి చుట్టూ తిరిగినా పని జరగదు. పూడ్చలేని గుంతలను వారానికొకసారి చూడాలి. తెల్లని గిన్నెతోనో గరిటెతోనో గుంత అంచున, గడ్డి పక్కన నీటిని మెల్లగా తీసి వెలుతురులో చూస్తే లార్వాలు కనిపిస్తాయి. నీటి పైపొరకు సమాంతరంగా అడ్డంగా పడుకుని ఉంటే అవి అనాఫిలిస్ లార్వాలు. తల కిందకు వేలాడుతూ ఏటవాలుగా ఉంటే ఇతర జాతులవి. ఇంటి గోడ మీద వాలిన, రెక్కలొచ్చి ఎదిగిన దోమను కూడా అలాగే గుర్తుపట్టవచ్చు, అనాఫిలిస్ వెనుక భాగం పైకి లేపి వాలుగా కూర్చుంటుంది. ఇవి కనబడిన చోటును ఆరోగ్య సిబ్బందికి చూపించాలి గాని, చేతికందిన పురుగుమందునో నూనెనో నీటిలో పోయకూడదు. ఆ నీటినే పశువులు తాగుతాయి, కొన్నిచోట్ల మనుషులు కూడా.

తాత్కాలిక గుడారాల్లో గడిపే వారాలు అన్నిటికంటే ప్రమాదకరమైనవని నా అభిప్రాయం. ఇంట్లో గోడలకు చల్లే మందు కొన్ని నెలలు పనిచేస్తుంది గాని దానికి గోడ ఉండాలి. టార్పాలిన్ గుడారానికీ, మూడు వైపులా తెరిచి ఉన్న పాకకూ అది అంతగా ఉపకరించదు. బ్రెజిల్‌లోని రొండోనియా రాష్ట్రానికి 1970లు, 1980లలో రహదారి వెంట వేలాది కుటుంబాలు వచ్చి అడవి నరికి, పూర్తి గోడలు లేని గుడిసెల్లో కాపురం పెట్టినప్పుడు మలేరియా విపరీతంగా పెరిగింది. అక్కడి అనాఫిలిస్ డార్లింగై దోమకు అడవి అంచున నీడ పడే నీరు బాగా అనుకూలం. స్థిరపడి, చెట్లు తొలగి, ఇళ్ళు పూర్తయిన పాత కాలనీల్లో కొన్నేళ్ళకు వ్యాధి తగ్గింది. కాబట్టి మొదటి ఏళ్ళు గట్టెక్కడమే అసలు పని.

మందు కలిపిన దోమతెరలు ఇంటికొకటి కాదు, ఇద్దరికొకటి లెక్కన కావాలి. కొత్త తెరను ఒక రోజు నీడలో ఆరవేసి, చీకటి పడకముందే కట్టుకోవాలి. గుడారంలో కట్టడానికి మేకులు దొరకవు కాబట్టి నాలుగు మూలలకూ తాళ్ళు, రెండు పక్కలా కర్రలు ముందే సిద్ధం చేసుకోవాలి. అంచులను చాప కిందికి మడిచి పెట్టకపోతే తెర ఉన్నా లేనట్లే. ఉతికినప్పుడు ఘాటులేని సబ్బు వాడి, నీడలోనే ఆరవేయాలి. నది నీటిలోనో చెరువులోనో ఉతకకూడదు, ఆ మందు చేపలకు విషం. తెర కట్టలేని చోట కప్పుకునే గుడ్డకే మందు పట్టించడం ఒక మార్గం. పాకిస్తాన్‌లోని అఫ్గాన్ శరణార్థుల మధ్య పెర్మెత్రిన్ అనే పురుగుమందు పట్టించిన చాదర్లు, దుప్పట్లు మలేరియాను తగ్గించాయి. పక్కా గోడలు లేచాక మందు చల్లించుకుంటే, ఆ పైన సున్నం వేయడం, అలకడం, మట్టి పూత పూయడం కొన్ని నెలలు ఆపాలి. కొత్త ఇల్లు అందంగా ఉండాలన్న తొందరలో ఈ పని చాలామంది చేస్తారు, అప్పుడు మందు పూత కిందే ఉండిపోతుంది.

పశువుల సంగతి చాలామందికి తట్టదు. కొన్ని అనాఫిలిస్ జాతులు మనిషి కంటే పశువునే ఇష్టపడతాయి. ప్రయాణానికి ముందు పశువులను అమ్ముకుని వస్తే ఆ దోమలకు మిగిలేది మనిషే. అలాగని కొట్టం ఇంటిని ఆనుకుని కడితే దోమలు పశువుల కోసం వచ్చి మనుషులను కూడా కుట్టవచ్చు. కొట్టాన్ని ఇంటికి కొంత ఎడంగా కట్టుకోవాలి. పాకిస్తాన్‌లోని ఆ అఫ్గాన్ శరణార్థి శిబిరాల్లోనే పశువుల ఒంటికి డెల్టామెత్రిన్ అనే పురుగుమందు పూసి మలేరియా తగ్గించిన అనుభవం ఉంది, కాని అది నిపుణుల పర్యవేక్షణలో జరగవలసిన పని.

సాయంత్రం నుంచి తెల్లవారే వరకు బయట ఉండేవారిని ఇంట్లో కట్టిన దోమతెర కాపాడదు. కొత్త పొలంలో కాపలా పడుకునేవారు, పాత ఊరి పంట కోతకు వెళ్ళి వచ్చేవారు, అడవిలో కలప, కట్టెల కోసం రాత్రి గడిపేవారు నిండా కప్పే దుస్తులు, ఒంటికి రాసుకునే దోమల మందు, విడిగా మరో దోమతెర తీసుకెళ్ళాలి. కుటుంబం రెండు చోట్లా ఉంటే మలేరియా కూడా రెండు చోట్లా తిరుగుతుంది.

జ్వరం వచ్చినప్పుడు ఎక్కడికి వెళ్ళాలన్నది చేరిన మొదటి రోజే ప్రతి ఇంటికీ తెలియాలి. చలితో గానీ లేకుండా గానీ జ్వరం వస్తే ఆ రోజే, ఆలస్యమైనా 24 గంటల్లోపు, రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇంతకు ముందు వచ్చిన జ్వరం, వాడిన మందులు, తేదీలు రాసిన కాగితం వెంట ఉంచుకోవాలి. ఫాల్సిపారం నయమైన తరువాత కూడా కొన్ని రకాల త్వరిత పరీక్షలు కొన్ని వారాల పాటు పాజిటివ్ చూపిస్తాయి కనుక, పాత చికిత్స తెలియని వైద్యుడు పొరబడే అవకాశముంది. మాత్రలు మొదలుపెడితే పూర్తిగా వాడాలి, మిగిల్చి పక్కింటివారికి ఇవ్వకూడదు. స్పృహ తప్పడం, ఫిట్స్, ఆగని వాంతులు, కామెర్లు, ఆయాసం, ముదురు రంగు మూత్రం, లేచి కూర్చోలేనంత నీరసం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా రాత్రి అయినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. గర్భిణికి మలేరియా వస్తే రక్తహీనత, బిడ్డ బరువు తగ్గడం వంటి ముప్పు ఉంటుంది కనుక, తరలేముందే ఆమె పేరు కొత్త చోటి ఆరోగ్య కేంద్రంలో నమోదు చేయించాలి.

మలేరియాలో మరో రకమైన వైవాక్స్ విషయంలో ఒక చిక్కు ఉంది. దాని పరాన్నజీవులు కాలేయంలో నిద్రాణంగా ఉండి, నెలల తరువాత, ఒక్కోసారి ఏడాదికి పైగా గడిచాక, దోమ కుట్టకుండానే మళ్ళీ జ్వరం తెప్పిస్తాయి. దాన్ని పూర్తిగా తొలగించే ప్రిమాక్విన్ మందు జీ6పీడీ అనే ఎంజైము లోపించిన వారిలో రక్తకణాలను దెబ్బతీస్తుంది. కాబట్టి ముందు ఆ పరీక్ష చేయించుకోవాలి, గర్భిణులు ఆ మందు వాడకూడదు. మలేరియా లేని చోట స్థిరపడినవారికి చాలా నెలలకు జ్వరం వస్తే అక్కడి వైద్యుడికి మలేరియా తట్టకపోవచ్చు. గత రెండేళ్ళలో ఎక్కడెక్కడ ఉన్నారో, ఏ ప్రాంతం నుంచి వచ్చారో అడగకపోయినా వారే చెప్పి, మలేరియా రక్తపరీక్ష కోరాలి.