అంతర్యుద్ధం చదివేటప్పుడు ఏ పోరు దగ్గర ఆగాలి?

గుంటూరు బ్రాడీపేటలో మా వరండాలోనే పోటీ పరీక్షల పిల్లలకు చరిత్ర చెబుతాను. అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం రాగానే తేదీలు బట్టీ పడతారు. అలా వద్దు. ప్రతి పోరుకూ నోట్‌బుక్‌లో రెండే రాయండి: ముందురోజు జనం ఏమనుకున్నారు, ఆ తర్వాత ఏం మారింది.

ముందు వాషింగ్టన్ దగ్గర జరిగిన బుల్ రన్ పోరు తీసుకోండి. 1861 ఏప్రిల్‌లో ఉత్తరాది పక్షాన ఉన్న అధ్యక్షుడు లింకన్ 75,000 మందిని సైన్యంలోకి పిలిచింది మూడు నెలలకే. జులై 21న వాషింగ్టన్ నుంచి కొందరు తినుబండారాలు కట్టుకుని మరీ యుద్ధం చూడటానికి వెళ్లారు. సాయంత్రానికి ఉత్తరాది సైన్యం చెదిరి పరుగెత్తింది. మర్నాడే ఐదు లక్షల మందిని మూడేళ్ల వరకు చేర్చుకునే చట్టంపై లింకన్ సంతకం పెట్టాడు. త్వరగా అయిపోతుందన్న నమ్మకం ఒక్క రోజులో పోయింది. ఇక్కడ కనీసం ఒక గంట ఆగండి.

తర్వాత యాంటీటమ్, 1862 సెప్టెంబర్ 17. చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, జాడ తెలియనివాళ్లు కలిపి ఒక్క రోజులో సుమారు 23,000. ఈ అంకె బోర్డు మీద రాసేటప్పుడు ఇప్పటికీ నా చెయ్యి ఆగుతుంది. గెలుపోటములు స్పష్టంగా తేలలేదు, కానీ దక్షిణాది సేనాని లీ వెనక్కి వెళ్లాడు. లింకన్‌కు అది చాలింది. ఐదు రోజులకే బానిసల విముక్తిపై తొలి ప్రకటన ఇచ్చాడు.

గెటిస్‌బర్గ్ అందరూ చదువుతారు. నేనైతే ఆ పోరు ముగిసిన మర్నాడు, 1863 జులై 4న ఉత్తరాదికి లొంగిన విక్స్‌బర్గ్‌ను ముందు పెడతాను. ప్రకాశం బ్యారేజీ ఎవరి చేతిలో ఉంటే డెల్టా కాలువలు వాళ్లవే కదా, మిసిసిపీ మీద ఆ ఊరూ అలాంటిదే. మ్యాప్ తీసి ఆ నది వెంట పెన్సిల్‌తో గీత గీయండి, దక్షిణాది రెండు ముక్కలవడం కనిపిస్తుంది.