జూన్‌లో బడి తెరిచేలోపు: గ్రూప్ వర్క్ పెట్టబోయే టీచర్లకు జాగ్రత్తలు

నెల్లూరు, ఒంగోలు వైపు బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. ఈసారి పిల్లల చేతే పాఠం నడిపించాలనుకునే టీచర్లు ముందే ఇవి చూసుకోండి.

- ఎవరి పని ఏంటో తేల్చకుండా గ్రూపులు చేయొద్దు. అన్నిటికంటే నష్టం ఇక్కడే. బాగా చదివే ఒక్క పిల్లే మొత్తం రాసేస్తుంది, మిగతావాళ్లు చూస్తూ కూర్చుంటారు, చార్టు నిండింది కదా అని అందరికీ వచ్చేసిందనుకుంటాం. 1971లో మనస్తత్వవేత్త ఎలియట్ అరోన్సన్ అమెరికాలోని ఆస్టిన్‌లో మొదలుపెట్టిన జిగ్సా పద్ధతి దీనికి మంచి మందు. పాఠాన్ని భాగాలు చేసి ఒక్కొక్కరికి ఒక్కోటి ఇస్తారు. శిలల పాఠమే తీసుకోండి: చీమకుర్తి గ్రానైట్ ముక్క ఒకరికి, ఇసుకరాయి ఒకరికి, పాలరాయి ఇంకొకరికి. తన రాయి సంగతి తను చెప్తేనే మిగతావాళ్లకు తెలుస్తుంది, కాబట్టి వెనక బెంచీ పిల్లాడు కూడా నోరు విప్పాల్సిందే.

- ప్రశ్న అడిగాక 3 సెకన్లైనా ఆగండి. చాలామంది టీచర్లు ఒక్క సెకనే ఆగుతున్నారని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశోధనలో తేలింది. ఆగితే జవాబులు పొడవుగా వస్తాయి, మాట్లాడనివాళ్లూ మాట్లాడతారు.

- గ్రూపులుగా కూర్చోవడానికి బెంచీలు తిప్పడం ముందురోజే అలవాటు చేయండి, లేకపోతే సగం పీరియడ్ దానికే పోతుంది.

- చివరి 5 నిమిషాలు ఎవరికి వారే రాయాలి. ఎవరికి రాలేదో ఆ కాగితంలోనే దొరుకుతుంది.

- తల్లిదండ్రులకు మొదటి మీటింగ్‌లోనే చెప్పండి. నోట్సు తగ్గితే "సారు పాఠం చెప్పట్లేదు" అంటారు, వాళ్ల టెన్షన్ కూడా న్యాయమే.