విదేశం నుంచి మన బ్యాంకు సైటు తెరవాలా? వీపీఎన్ జాగ్రత్తలు

వీపీఎన్ అంటే మన ఇంటర్నెట్ ట్రాఫిక్‌ను వేరే చోటి సర్వర్ గుండా పంపే యాప్. మన దేశపు సర్వర్ ఎంచుకుంటే, విదేశంలో ఉన్నా ఇక్కడి నుంచే సైటు తెరిచినట్టు కనిపిస్తుంది. చేయాల్సిన పనిలో ఎక్కువ భాగం విమానం ఎక్కకముందే ఉంది.

• వీపీఎన్ యాప్ ఇంట్లోనే వేసుకుని, అది ఆన్‌లో ఉండగా బ్యాంకు సైటు తెరుచుకుంటుందో లేదో చూడండి. చైనా, యూఏఈ లాంటి చోట్ల వీపీఎన్‌పై ఆంక్షలున్నాయి. వెళ్లే దేశంలో నిబంధనలేమిటో ముందే తెలుసుకోండి.

• ఓటీపీ. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. వీపీఎన్ ఎంత మంచిదైనా ఎస్సెమ్మెస్ వచ్చేది సిమ్‌కే. రోమింగ్ పెట్టించుకోండి. ఎస్సెమ్మెస్ లేకుండా ఫోన్‌లోనే కోడ్లు చూపే ఆథెంటికేటర్ యాప్ వాడే వీలుంటే దానికి మారండి. బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసుకుని, ఫోన్‌తో పాటు కాకుండా వేరే సంచిలో పెట్టుకోండి. ఫోన్ పోతే ఆ కాగితమే దిక్కు.

• ఊరూపేరూ తెలియని ఉచిత వీపీఎన్‌తో డబ్బు లావాదేవీలు వద్దే వద్దు. మన ట్రాఫిక్ అంతా వాళ్ల సర్వర్ గుండానే పోతుంది.

• కిల్ స్విచ్ (వీపీఎన్ తెగిపోతే ఇంటర్నెట్‌నూ ఆపేసే సెట్టింగ్) ఆన్ చేయండి.

• హోటల్ వైఫైలో వరస ముఖ్యం. వీపీఎన్ ఆన్‌లో ఉంటే వాళ్ల లాగిన్ పేజీ చాలాసార్లు రాదు. ముందు అక్కడ లాగిన్ అవ్వండి, తర్వాత వీపీఎన్‌లో మన దేశపు సర్వర్‌కు కనెక్ట్ అవ్వండి, ఐపీ (ఇంటర్నెట్‌లో మన చిరునామా) మారిందని చూసుకున్నాకే బ్యాంకు యాప్ ముట్టుకోండి.

• పొద్దున ఒక దేశం సర్వర్, సాయంత్రం ఇంకో దేశం సర్వర్ వాడితే బ్యాంకుకు అనుమానమొచ్చి ఖాతా ఆపేయొచ్చు. ఒక్కదానికే కట్టుబడండి.

• నకిలీ సైటులో మీరే పాస్‌వర్డ్ కొడితే వీపీఎన్ ఆపలేదు. అడ్రసు అక్షరం అక్షరం చదవండి.