మాటతో నడిచే థర్మోస్టాట్: అమెరికాలో మీ మొదటి చలికాలానికి ముందు

ఇంట్లో చలిగా ఉంటుంది. "అలెక్సా, సెట్ ద థర్మోస్టాట్ టు ఎయిటీ" అని ఒక్క మాట అంటారు. అది సరేనంటుంది. నెల తిరిగాక కరెంటు బిల్లు చూసి కళ్లు తేలేసి, థర్మోస్టాట్ పాడైందని అపార్ట్‌మెంట్ ఆఫీసుకు ఫోన్ చేస్తారు. ఏమీ పాడవలేదు. మీరు చెప్పిందే అది చేసింది.

థర్మోస్టాట్ అంటే ఇల్లు మీరు చెప్పిన అంకెకు చేరగానే హీటింగును ఆపే గోడ మీది పరికరం, ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది కాదు. పెద్ద అంకె చెప్పినంత మాత్రాన వేడి గాలి జోరుగా రాదు. చాలా ఇళ్లలో హీటింగుకు ఆన్, ఆఫ్ తప్ప మధ్యలో మెట్లు ఉండవు. 70 అన్నా 80 అన్నా (ఇక్కడి అంకెలన్నీ ఫారన్‌హీట్‌లో) ఇల్లు 70కి చేరడానికి పట్టే సమయం ఒకటే. 80 అంటే ఆ తరవాత కూడా ఆగకుండా నడుస్తుంది, మీరు అర్ధరాత్రి దుప్పటి తన్నేసి లేచేదాకా. గ్యాస్ మండించి గాలిని వేడిచేసే ఫర్నేస్ ఉన్న ఇంట్లో అయితే నష్టం ఇంతే. ఏసీలాగే కరెంటుతో నడుస్తూ వేడినిచ్చే హీట్ పంప్ ఉన్న ఇంట్లో అలా కాదు. అక్కడ ఆ ఒక్క మాటకు ఇంకో మెషీన్ నిద్రలేస్తుంది. ఈ సూచనల్లో సగం దాని గురించే.

ముందు మీ ఇంట్లో ఏముందో కనిపెట్టండి. ఈ పని అందరూ ఎగ్గొడతారు. చలికాలంలో ఇంట్లో వేడి గాలి వస్తున్నప్పుడు బయటికెళ్లి చూడండి. ఏసీ బాక్సు లాంటి యూనిట్ తిరుగుతుంటే అది హీట్ పంప్. థర్మోస్టాట్ మెనూలో "ఆక్స్ హీట్" అనో "ఎమర్జెన్సీ హీట్" అనో (హీట్ పంప్‌కు సాయంగా ఉండే హీటింగు) కనిపించినా చాలావరకు హీట్ పంపే. బయట యూనిట్ ఊరికే ఉండి, ఇంటికి గ్యాస్ బిల్లు కూడా వస్తుంటే ఫర్నేస్ అయ్యుంటుంది. గోడ అడుగున పొడవాటి రేకు హీటర్లు ఉంటే అవి బేస్‌బోర్డ్ హీటర్లు. వాటి థర్మోస్టాట్‌లోకి వచ్చేది చాలా చోట్ల 240 వోల్టుల కరెంటు. మామూలు స్మార్ట్ థర్మోస్టాట్ నడిచేది 24 వోల్టుల మీద. గోడ మీద డబ్బా విప్పితే సన్నని రంగురంగుల వైర్లకు బదులు లావుపాటి వైర్లు రెండో నాలుగో కనిపిస్తే, మళ్లీ మూసేసి మెయింటెనెన్స్ వాళ్లను పిలవండి. అక్కడ ధైర్యం చూపించాల్సిన పని లేదు.

ఇక ఆక్స్ హీట్. హీట్ పంప్ వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్న వేడిని లాగి లోపలికి తెస్తుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుకు రెండు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. కాకపోతే నిదానంగా ఇస్తుంది. అది అందుకోలేనప్పుడు సాయానికి లోపలి యూనిట్‌లో ఎలక్ట్రిక్ కాయిల్స్ ఉంటాయి. వాటిదే ఆక్సిలరీ హీట్. అవి ఒక యూనిట్ తింటే ఇచ్చేది ఒక యూనిట్ వేడే. 10 కిలోవాట్ల కాయిల్స్ గంట సేపు వెలిగితే 10 యూనిట్లు ఖర్చు. అదే వేడి హీట్ పంప్ ఇస్తే మూడు నుంచి అయిదు యూనిట్లలో తేలిపోతుంది. చిన్న ఇంట్లో 5 కిలోవాట్ల కాయిల్స్ ఉండొచ్చు, పెద్ద ఇంట్లో 20 దాకా ఉండొచ్చు.

ఈ కాయిల్స్ ఎప్పుడు వెలగాలో నిర్ణయించేది థర్మోస్టాట్. గదిలో ఉన్న వేడికీ మీరు అడిగిన వేడికీ మధ్య తేడా రెండు మూడు డిగ్రీలు దాటితే చాలా థర్మోస్టాట్లు "హీట్ పంప్‌తో పని జరగదు" అనుకుని వాటిని వెలిగిస్తాయి. ఇప్పుడు ఒక ఉదయం చూడండి. రాత్రి పొదుపు కోసం 62 పెట్టి పడుకున్నారు. ఆరింటికి లేచి, దుప్పట్లోంచే "సెట్ టు సెవెంటీ" అన్నారు. తేడా 8 డిగ్రీలు. హీట్ పంప్, కాయిల్స్ రెండూ కలిసి మొదలవుతాయి. రాత్రంతా మిగిల్చింది ఆ గంటలో ఖర్చు. రోజూ ఇదే వరస.

దీనికి విరుగుడు ఒకటే: మాటతో ఒకసారికి ఒక్క డిగ్రీ, మహా అయితే రెండు. "ఇంక్రీజ్ ద టెంపరేచర్ బై వన్ డిగ్రీ" అనండి. అరగంట ఆగండి. చాలకపోతే ఇంకొకటి. ఈలోగా స్వెటర్ వేసుకోండి, దానికి బిల్లు రాదు. హీట్ పంప్ ఉంటే రాత్రి కూడా రెండు మూడు డిగ్రీలకు మించి దించకండి. అమెరికా ఇంధన శాఖ రోజుకు 8 గంటల పాటు 7 నుంచి 10 డిగ్రీలు తగ్గిస్తే ఏడాదికి 10 శాతం దాకా ఆదా అవుతుందని చెబుతుంది. ఆ మాట పట్టుకుని హీట్ పంప్ ఇంట్లో రోజూ అంతంత దించుతుంటారు. అదే శాఖ, మామూలు థర్మోస్టాట్ ఉన్న హీట్ పంప్‌కు చలికాలంలో ఇది పనికిరాదని కూడా చెప్పింది. సగం చదివి వదిలేస్తే ఎలా?

మరి ఉదయానికి ఇల్లు వెచ్చగా ఉండాలంటే? షెడ్యూల్ పెట్టండి. స్మార్ట్ థర్మోస్టాట్‌కు ఆరింటికి 68 కావాలని ముందే తెలిస్తే, చాలావాటిలో ఉండే రికవరీ ఫీచర్ అయిదింటికో అంతకు ముందో మొదలుపెట్టి హీట్ పంప్‌తోనే మెల్లగా అక్కడికి చేరుస్తుంది. మాటతో చెప్పే ఆర్డరుకు ఆ వ్యవధి ఉండదు, అది ఎప్పుడూ "ఇప్పుడే" అన్నట్టే వెళ్తుంది. బరువు షెడ్యూల్ మీద పెట్టి, చిన్న సవరణలకే మాట వాడండి.

సెట్టింగుల్లో కూడా కొంత చేయొచ్చు. నెస్ట్ బ్రాండు థర్మోస్టాట్‌లో "హీట్ పంప్ బ్యాలెన్స్" అని ఉంటుంది, దాన్ని పొదుపు వైపు జరపండి. ఎకోబీ బ్రాండుదైతే ఇన్‌స్టలేషన్ సెట్టింగుల కింద థ్రెషోల్డ్స్‌లో బయట ఎంత వేడి ఉంటే ఆక్స్ వద్దో చెప్పే అంకె ఉంటుంది. మరీ గడ్డకట్టే ప్రాంతం కాకపోతే 40 ఫారన్‌హీట్ దగ్గర పెడితే, బయట అంతకన్నా వెచ్చగా ఉన్న రోజుల్లో మీరు ఎంత నోరు జారినా కాయిల్స్ వెలగవు. అద్దె ఇల్లయితే ముట్టుకునే ముందు మెయింటెనెన్స్‌ను అడగండి. "ఎమర్జెన్సీ హీట్" జోలికి మాత్రం వెళ్లకండి. అది తొందరగా వేడెక్కించే మోడ్ కాదు. హీట్ పంప్‌ను పూర్తిగా ఆపేసి కాయిల్స్ మీదే ఇల్లు నడిపే మోడ్, బయటి యూనిట్ చెడిపోయినప్పుడు మెకానిక్ వచ్చేదాకా వాడుకోవడానికి.

స్పీకర్‌కు థర్మోస్టాట్‌ను కలపడం గురించి పేజీలు రాయక్కర్లేదు. ముందు థర్మోస్టాట్ దాని సొంత యాప్‌లో ఆన్‌లైన్ అయ్యిందో లేదో చూసుకుని, ఆ తరవాతే అలెక్సాలోనో గూగుల్ హోమ్‌లోనో అకౌంట్ లింక్ చేయండి. చాలా మోడళ్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పట్టుకుంటాయి. రౌటర్ 5 గిగాహెర్ట్జ్‌కే పేరు చూపిస్తుంటే థర్మోస్టాట్‌కు ఆ నెట్‌వర్క్ కనిపించదు. సిరితో బయటినుంచి నడపాలంటే ఇంట్లో హోమ్‌పాడో ఆపిల్ టీవీయో హబ్‌గా ఉండాలి.

ఇబ్బంది పెట్టేది అంకెలే. థర్మోస్టాట్ ఫారన్‌హీట్‌లో ఉంటే "24కి పెట్టు" అంటే ఒప్పుకోదు, దాని హద్దులు సాధారణంగా 50 నుంచి 90 మధ్య ఉంటాయి. 20 సెల్సియస్ అంటే 68, 22 అంటే సుమారు 72, 25 అంటే 77. సెల్సియస్‌లో ఒక్క డిగ్రీ ఇక్కడ 1.8 డిగ్రీలు. సెల్సియస్‌కు మార్చుకుంటామంటే థర్మోస్టాట్‌లోనూ, అసిస్టెంట్ యాప్‌లోనూ రెండు చోట్లా మార్చండి. ఒకచోట మార్చి ఇంకోచోట వదిలేసి, "అర్థం చేసుకోదు ఇది" అని దాన్ని తిట్టడం ఎందుకు?

మన ఉచ్చారణలో "సెవెంటీ" దానికి "సెవెంటీన్"గా, "సిక్స్టీ" "సిక్స్టీన్"గా వినిపించవచ్చు. గుండ్రటి అంకెలు మానేసి "సెవెంటీ వన్", "సిక్స్టీ నైన్" అనండి, ఆ తికమక ఉండదు. అలెక్సా, గూగుల్ రెండింట్లోనూ భాషల్లో ఇంగ్లీష్ (ఇండియా) ఉంది, మార్చి చూడండి. థర్మోస్టాట్‌కు "హాల్‌వే" లాంటి తేలిక పేరు పెట్టండి. బెడ్‌రూమ్ అనే గ్రూపు ఉండగా థర్మోస్టాట్‌కు కూడా అదే పేరు పెడితే దేని గురించి అడుగుతున్నారో దానికి తేలదు. "వాట్స్ ద టెంపరేచర్" అని ఊరికే అడిగితే అది బయటి వాతావరణం చెప్పొచ్చు. "ఇన్‌సైడ్" అన్న మాట కలపండి, లేదా థర్మోస్టాట్ పేరు చెప్పండి.

నెస్ట్ ఎకో అనే పొదుపు మోడ్‌లో ఉంటే మాటతో డిగ్రీలు మార్చనివ్వదు, ముందు ఎకో ఆపమనాలి. ఆటో మోడ్‌లో హీట్‌కు ఒకటి, కూల్‌కు ఒకటి హద్దులు రెండు. ఒక్క అంకె చెబితే ఏది జరిగిందో యాప్‌లో చూసుకోండి, లేదా చలికాలమంతా హీట్ మోడ్‌లోనే ఉంచేయండి. ఏసీ రోజుల్లో "కూల్" అన్న వెంటనే గాలి రాకపోతే మళ్లీ మళ్లీ చెప్పకండి. కంప్రెసర్ ఆగిన వెంటనే మళ్లీ మొదలైతే దెబ్బతింటుంది కాబట్టి థర్మోస్టాట్ దాన్ని దాదాపు అయిదు నిమిషాలు ఆపి ఉంచుతుంది.

హోల్డ్ సంగతి తెలియకపోతే షెడ్యూల్ పెట్టుకుని కూడా లాభం లేదు. మాటతో మార్చిన అంకె ఎంతసేపు నిలవాలన్నది థర్మోస్టాట్ సెట్టింగును బట్టి ఉంటుంది. ఎకోబీలో "నేను మార్చేదాకా" అని ఉంటే సోమవారం రాత్రి చెప్పిన 72 శుక్రవారం కూడా 72గానే ఉంటుంది, షెడ్యూల్ పక్కన కూర్చుంటుంది. హోల్డ్ డ్యూరేషన్‌ను "తరవాతి షెడ్యూల్ వరకు" అని మార్చేయండి. అనుమానం వస్తే "రెజ్యూమ్ షెడ్యూల్" అనండి, లేదా యాప్‌లో హోల్డ్ తీసేయండి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇంకో చిక్కు ఉంది. థర్మోస్టాట్ మీ ఫోన్ ఎక్కడుందో చూసి ఎవే మోడ్‌లోకి వెళ్తుంది. మీరు ఆఫీసుకు వెళ్లగానే ఇల్లు ఖాళీ అనుకుని 60కి దించేస్తుంది, లోపల పెద్దవాళ్లు శాలువాలు కప్పుకుని కూర్చుంటారు. మీకు ఇబ్బంది కలిగించడం ఎందుకని వాళ్లు ఫోన్ చేసి చెప్పరు కూడా. వాళ్ల ఫోన్లను యాప్‌లోని హౌస్‌హోల్డ్ (ఇంట్లో ఉండేవాళ్ల జాబితా)లో చేర్చండి, లేదా వాళ్లున్నన్నాళ్లూ లొకేషన్ ఆధారంగా మారడం ఆపేయండి. వాళ్లకు ఇంగ్లీష్ కమాండ్లు నేర్పే బదులు గోడ మీద ప్లస్, మైనస్ ఎక్కడున్నాయో చూపించండి. నెట్ పోయిన రోజు మీకూ అవే దిక్కు.

అద్దె ఇంట్లో ముందే స్మార్ట్ థర్మోస్టాట్ ఉంటే అది పాత టెనెంట్ అకౌంట్‌కే కట్టుబడి ఉండొచ్చు. ఫ్యాక్టరీ రీసెట్ చేయకపోతే వాళ్ల ఫోన్‌లోంచి మీ ఇల్లు ఇంకా కనిపిస్తుంది. రీసెట్ చేసే ముందు వైరింగ్ చూపించే స్క్రీన్ ఫోటో తీసుకోండి, మళ్లీ అడుగుతుంది. గోడ మీదున్నది మొదటి, రెండో తరం నెస్ట్ లెర్నింగ్ అయితే మాటల సంగతి మర్చిపోండి. 2025 అక్టోబరు 25 నుంచి వాటికి యాప్ కనెక్షన్ తీసేశారు. గోడ మీద మాత్రం మామూలుగానే పనిచేస్తాయి.

కొత్తది మీరే బిగిస్తే ముందు ఓనర్ అనుమతి తీసుకుని, బ్రేకర్ ఆపి, పాత వైర్లు ఏ అక్షరం దగ్గర ఉన్నాయో ఫోటో తీయండి. రంగును నమ్మకండి, అక్షరాన్నే నమ్మండి. థర్మోస్టాట్‌కు ఎప్పుడూ కరెంటు అందించే సి వైరు లేకపోతే కొన్ని మోడళ్లకు కరెంటు చాలక స్క్రీన్ ఆరిపోతూ, వైఫై ఊడిపోతూ ఉంటుంది. అప్పుడు మాట వినడం లేదని స్పీకర్‌ను అనుమానించడం దండగ. హీట్ పంప్ ఇంట్లో ఓ/బి సెట్టింగు (హీట్, కూల్ మధ్య మార్చేది) తిరగబడితే హీట్ అడిగితే చల్లగాలి వస్తుంది. సెట్టింగులో "ఓ" ఉంటే "బి", "బి" ఉంటే "ఓ" ఎంచుకుంటే సరిపోతుంది.

ఇంత చదివాక కంగారు పడే వాళ్లుంటారు. సరే, చెబుతాను. ఆక్స్ హీట్ అసలు వెలగకూడదని కాదు. బయట గట్టి మంచు పడిన రాత్రి అది వెలగాల్సిందే, అందుకే పెట్టారు. బయటి యూనిట్ మీంచి ఆవిరి లేస్తూ, లోపల కాసేపు ఆక్స్ అని కనిపిస్తే అది డీఫ్రాస్ట్, అంటే యూనిట్ తన మీద పేరుకున్న మంచును కరిగించుకోవడం, కొద్ది నిమిషాల్లో పోతుంది. ఫైర్ ఇంజన్‌ను పిలవకండి. సీజన్‌లో మొదటిసారి హీటింగు వేసినప్పుడు వచ్చే దుమ్ము కాలిన వాసన కూడా మామూలే, కాసేపట్లో పోకపోతేనే మెయింటెనెన్స్‌కు చెప్పండి. పొరపాటున ఒకరోజు 80 అన్నా ఇల్లేం కూలిపోదు. వెంటనే 68 అనండి.

సెలవులకు ఊరెళ్తే మాత్రం హీటింగు ఆపేయకండి. 55 దగ్గర ఉంచండి. అంతకన్నా దిగితే గోడల్లో పైపులు గడ్డకట్టి పగిలే ప్రమాదం ఉంది. బయల్దేరే ముందు, మాటతో కాకుండా గోడ దగ్గరకు వెళ్లి ఆ అంకె కళ్లతో చూసుకుని తలుపు వేయండి.