పొద్దున లేచేసరికి మూతి వంకరపోతే ఏం చేయాలి?

పుక్కిలిస్తుంటే నీళ్ళు ఒక మూల నుంచి కారిపోతాయి. అద్దంలో చూస్తే మూతి పక్కకి లాగేసి ఉంటుంది, ఒక కన్ను మూతపడదు. బెంగళూరులో మారతహళ్ళి, బీటీఎం పీజీల్లో ఉండే మన పిల్లలు భయపడి ఊరికి ఫోన్ చేస్తారు. "పక్షవాతమేమో నాన్నా, పసరు పోయిస్తాం, రాత్రికి బస్సెక్కెయ్" అంటారు ఇంట్లోవాళ్ళు. దయచేసి బస్సెక్కకండి. చికిత్సకు విలువైన సమయం ఆ ప్రయాణంలోనే పోతుంది.

ముందు కనుబొమలు పైకెత్తి చూడండి. పక్షవాతంలో మూతి వంకరపోయినా నుదుటి మీద మామూలుగా ముడతలు పడతాయి. ముఖ నరం దెబ్బతిన్న బెల్స్ పాల్సీలో ఆ వైపు నుదురు కూడా కదలదు. అయితే దీన్నిబట్టి ఇంట్లోనే తేల్చేసుకోవద్దు. చెయ్యో కాలో పట్టు తప్పినా, మాట ముద్దగా వస్తున్నా, తూలుతున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో మెదడు రక్తనాళంలోని రక్తపు గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపే పడాలి.

అవేవీ లేకపోయినా అదే రోజు డాక్టరుకి చూపించండి. హోసూరు రోడ్డులోని నరాల ఆసుపత్రి నిమ్హాన్స్ దాకా వెళ్ళలేకపోతే దగ్గర్లోని ఫిజీషియన్ అయినా సరే. బెల్స్ పాల్సీలో చెవి వెనక ఇరుకైన ఎముక సందులో ముఖ నరం వాచి నలిగిపోతుంది. ఆ వాపు తగ్గించే ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ 72 గంటల్లోపు మొదలుపెడితే మేలు. సొంతంగా కొనుక్కోకండి, షుగర్ పెరుగుతుంది. షుగరున్నా, గర్భవతి అయినా, చెవి దగ్గర పొక్కులున్నా తప్పకుండా చెప్పండి.

అందరూ మూతి గురించే టెన్షన్ పడతారు కానీ, నిజంగా కాపాడుకోవలసింది కన్ను. రెప్ప పడక నల్లగుడ్డు ఆరిపోయి పుండు పడితే చూపుకే ముప్పు. పగలు గంటకో రెండు గంటలకో కన్నీటిలా తడిపే చుక్కల మందు వేసుకోవాలి. రాత్రి కంటి ఆయింట్‌మెంట్ రాసి, రెప్పను వేలితో మెల్లగా మూసి, పైన మెత్తటి టేపు అంటించాలి. బైక్ మీద వెళ్ళేటప్పుడు కళ్ళజోడు ఉండాల్సిందే. కన్ను ఎర్రబడి నొప్పెడితే ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

మొదట్లోనే ఫిజియోథెరపీలో ముఖానికి కరెంటు పెట్టించుకోవడానికి పరుగెత్తకండి. దానివల్ల లాభమని గట్టి రుజువు లేదు. కొంచెం కదలిక వచ్చాక అద్దం ముందు నెమ్మదిగా చిన్న చిన్న కదలికలు సాధన చేస్తే చాలు.

చాలామందికి కొన్ని వారాల్లో కదలిక మొదలై, కొన్ని నెలల్లో ముఖం మామూలవుతుంది. మూడు నెలలైనా మార్పు లేకపోతే, లేదా రోజురోజుకీ ముదురుతుంటే, మళ్ళీ న్యూరాలజిస్టుకు చూపించి వేరే కారణం ఉందేమో పరీక్ష చేయించుకోండి.